తెల్లదారులు తెల్లగానే మిగలాలంటే

ఇటలీ నడిమి భాగంలో, తస్కనీ ప్రాంతంలోని సియెనా నగరం చుట్టూ ఉన్న గుట్టల మీద తారు పడని రోడ్లు ఇప్పటికీ వందల కిలోమీటర్ల మేర ఉన్నాయి. ద్రాక్షతోటల నడుమ నుంచి, ఆలివ్ తోపుల అంచుల వెంట, బారులు తీరిన సైప్రస్ చెట్ల పక్కగా సాగే ఈ దారులను అక్కడివాళ్ళు ‘స్త్రాదె బియాంకె’ అంటారు, అంటే తెల్లదారులు. ఉత్తరాన కియాంతి గుట్టల్లో సున్నపురాయి, దక్షిణాన క్రెతె సెనెసి అనే చోట బూడిదరంగు బంకమన్ను. ఎండాకాలంలో ఏ బండి పోయినా వెనకాల తెల్లటి దుమ్ము లేస్తుంది. కొన్ని దశాబ్దాల కిందట ఇవి ట్రాక్టరు నడిపేవాళ్ళకూ వేటగాళ్ళకూ తప్ప ఎవరికీ పట్టనివి. ఇవాళ ఖండాలు దాటి జనం సైకిళ్ళు వెంటబెట్టుకొని వీటి కోసమే వస్తున్నారు. వాళ్ళు తెచ్చుకునేది గ్రావెల్ సైకిల్: వంకీ హ్యాండిల్ ఉన్న రేసింగు సైకిల్‌కే 40 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వెడల్పుండే టైర్లు, డిస్క్ బ్రేకులు, నిట్టనిలువు ఎత్తు ఎక్కేందుకు తేలికపాటి గేర్లు అమర్చినది. మన పత్రికల్లో గ్రావెల్ అనగానే కొండలు తవ్వే అక్రమ క్వారీలు గుర్తొస్తాయి. అక్కడ అదే కంకర ఊళ్ళకు ఆదాయమార్గమైంది. దీన్ని మెచ్చుకుంటూ రాసినవి చాలానే ఉన్నాయి. నేను చెప్పదలచుకున్నది మరొకటి. ఈ దారులు మిగలాలంటే తారు వేయకుండా ఆపితే చాలదు. వాటి మీద ఏడాది పొడవునా జనం తిరుగుతుండాలి. తిరిగేవాళ్ళు పెట్టే డబ్బులో ఒక వాటా ఆ దారి పక్క కాలువల పూడిక తీయడానికీ తూముల మరమ్మతుకూ చేరాలి. సైకిల్ యాత్రికులను ఇటలీ అతిథుల్లాగా చూస్తోంది. దారి మీద హక్కుతో పాటు బాధ్యత కూడా ఉన్నవాళ్ళలాగా చూడాల్సిన సమయం వచ్చింది.

ఈ దారులు ఎందుకు మిగిలాయో ముందు తెలుసుకోవాలి. తస్కనీ పల్లెల్లో శతాబ్దాల పాటు నడిచింది మెజ్జద్రియా అనే సగపాలు కౌలు. భూమి, ఇల్లు దొరవి. చాకిరీ రైతు కుటుంబానిది. పంటలో చెరిసగం. ప్రతి కమతానికీ గుట్ట మీద ఒక రాతి ఇల్లు, ఆ ఇంటి నుంచి పొలానికీ పక్క కమతానికీ దొరగారి గిడ్డంగికీ చర్చికీ ఒక్కో దారి. నేటి యాత్రికుడు ఫొటో తీసుకునే వంపుల దారి ఎవరో అందం కోసం గీసింది కాదు, ఎద్దుబండి గట్టెక్కగలిగే వాలును వెతుక్కుంటూ ఏర్పడింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ వ్యవస్థ కూలింది. సగపాలుతో కడుపు నిండని కుటుంబాలు ఫ్యాక్టరీల వైపు, పట్టణాల వైపు కదిలాయి. 1964 సెప్టెంబరులో కొత్తగా మెజ్జద్రియా ఒప్పందాలు రాసుకోవడాన్ని ఇటలీ చట్టం నిషేధించింది. సరిగ్గా ఆ మరుసటి నెలలోనే మిలాన్ నుంచి నేపుల్స్ దాకా సూర్య రహదారి అనే పేరుతో కట్టిన మోటారు రహదారి పూర్తయింది. దేశం ఒకవైపు కార్లెక్కి పరుగు తీస్తుంటే మరోవైపు గుట్టల మీది రాతి ఇళ్ళు ఖాళీ అయ్యాయి. మనుషులే లేని ఇంటికి తారురోడ్డు వేయమని అడిగేదెవరు? అలా ఆ దారులు తెల్లగా మిగిలాయి. వాటిని మిగిల్చింది ముందుచూపు కాదు, వలస. ఈ సంగతి మరిచి మాట్లాడితే తెల్లదారుల గురించిన ప్రతి వాదనా పక్కదారి పడుతుంది. ఊరు ఖాళీ కావడం వల్ల మిగిలిన దారి, ఊరు పూర్తిగా ఖాళీ అయితే మిగలదు. చదును చేసేవాళ్ళు లేక వానకు కోసుకుపోతుంది, ముళ్ళపొదలు మూసేస్తాయి.

పరిస్థితి మలుపు తిరిగింది 1997లో. సియెనా జిల్లాలో మూడు వేలమంది కూడా లేని గయోలె ఇన్ కియాంతి అనే ఊళ్ళో జాంకార్లో బ్రొచ్చి ‘లెరోయికా’ అనే సైకిల్ యాత్ర మొదలుపెట్టారు. మొదటి ఏడాది వచ్చింది 92 మంది. ఇది పోటీ కాదు. 1987కు ముందు తయారైన ఉక్కు సైకిళ్ళ మీద, పాత నూలు జెర్సీలు వేసుకొని, తెల్లదారుల మీద తిరిగి రావడమే. తొలి నుంచీ చెప్పిన ఉద్దేశం ఒకటే, ఈ దారుల మీద తారు పడకుండా చూడటం. ఇప్పుడు అక్టోబరు మొదట్లో జరిగే ఈ యాత్రకు వేలమంది వస్తున్నారు. పెద్ద చుట్టు రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. తెల్లవారక ముందే బ్రోలియో కోటకు ఎక్కే సైప్రస్ దారి పొడవునా దీపాలు వెలిగిస్తారు. ఆ చుట్టు పొడవునా శాశ్వతంగా సూచికలు పెట్టడంతో ఏడాదిలో ఏ రోజైనా ఎవరైనా దాని మీద వెళ్ళవచ్చు. ఆ యాత్ర స్ఫూర్తితోనే 2007లో వృత్తి సైక్లిస్టుల పోటీ పుట్టింది. నేడు దాని పేరే ‘స్త్రాదె బియాంకె’. సియెనా వీధుల్లో నిటారైన రాతి ఎత్తు ఎక్కి కాంపో చౌకులో ముగుస్తుంది. 2015లో మహిళల పోటీ కూడా మొదలైంది. 2024లో స్లొవేనియా వీరుడు తదే పొగాచర్ చివరి 81 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి గెలిచినప్పుడు టీవీలో ప్రపంచం చూసింది అతన్నే కాదు, ఆ నేలను కూడా. దారికి విలువ పెరగడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. ఒకప్పుడు వెనకబాటుకు గుర్తుగా కనిపించిన కంకర దారి ఇప్పుడు పురపాలకుల బడ్జెట్ సమావేశాల్లో ఆస్తి కింద లెక్కకు వస్తోంది.

అయితే పోటీ ఏడాదికి ఒక్కరోజు. యాత్ర ఒక్క వారాంతం. దారిని కాపాడేది మిగిలిన రోజులు. దీనికి చట్టపరమైన కారణం ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇటలీ పల్లె దారుల్లో చాలావాటిని ‘వీచినాలి’ దారులంటారు. నేల ఆ పక్కనున్న పొలాల యజమానులది, నడిచే హక్కు మాత్రం ప్రజలది. 1918 నాటి ఒక శాసనం ఇలాంటి దారుల నిర్వహణకు వాడకందార్లు సంఘంగా ఏర్పడవచ్చని చెప్పింది. ప్రజలు తిరిగే దారి అయితే ఖర్చులో అయిదో వంతు నుంచి సగం దాకా పురపాలక సంఘం భరించాలని కూడా చెప్పింది. 1958లో ప్రజోపయోగ దారులకు ఆ సంఘం తప్పనిసరి అన్నారు. మంచి ఏర్పాటే. కాని దాని పునాది అంతా ‘ప్రజలు తిరిగే దారి’ అన్న మాట మీద ఉంది. తిరగడం ఆగితే ఆ మాట బలం తగ్గిపోతుంది. పాడుబడ్డ రాతి ఇంటిని కొని విడిదిగా మార్చుకున్న యజమాని దారికి అడ్డంగా గేటు పెడితే, ఇక్కడి నుంచి ఎవరూ పోవడం లేదని వాదిస్తే, కాదనడానికి సాక్షులు కావాలి. గోదావరి జిల్లాల పుంతలూ కృష్ణా గుంటూరు ప్రాంతాల డొంకలూ ఎలా చిక్కిపోయాయో చూసినవారికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బండ్లు తిరగని పుంతను పక్క పొలం నాగలి ఏటా ఒక చాలు చొప్పున కలిపేసుకుంటుంది. తస్కనీలో ఆ సాక్షులు ఇప్పుడు సైకిళ్ళ మీద వస్తున్నారు. నవంబరు వానల్లో, ఫిబ్రవరి చలిలో కూడా అటు వెళ్ళే పదిమంది సైక్లిస్టులు ఆ దారి ప్రజలదేనని తమ టైరు గుర్తులతో నిరూపిస్తున్నారు. సైకిల్ చేసిన అసలు మేలు నా దృష్టిలో ఇదే. పర్యాటక ఆదాయం దాని తర్వాతే.

దీనికి మొదటి అభ్యంతరం బలమైనది, న్యాయమైనది కూడా. ఆ దారి పక్కన ఏడాదంతా బతికే రైతు దుమ్ము తింటుంటే, వానకు బురదలో అంబులెన్సు దిగబడుతుంటే, ఎక్కడి నుంచో వచ్చిన సైక్లిస్టు సరదా కోసం తారు వద్దనడం ఏం న్యాయం? మన దేశంలో 2000 డిసెంబరులో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలుపెట్టిందే అన్ని కాలాల్లో పనికొచ్చే రోడ్డు లేని ఊళ్ళ కోసం. వానాకాలంలో మంచం మీద గర్భిణిని మోసుకుపోయే గిరిజన గూడేల వార్తలు చదివే తెలుగు పాఠకుడికి మట్టిదారిని కాపాడాలన్న మాట మింగుడు పడకపోతే తప్పు పట్టలేం. ఆ గూడేలకు కావలసింది పక్కా రోడ్డే, అందులో రెండో మాట లేదు. సియెనా పరిస్థితి వేరు. అక్కడ ఊరికీ ఊరికీ మధ్య తారురోడ్లు ఎప్పుడో వచ్చాయి. తెల్లదారులు ఆ రోడ్ల నుంచి చీలి ఒకటి రెండు ఇళ్ళకో, పొలాలకో, గుట్ట అవతలి మరో రోడ్డుకో పోయేవి. ఆసుపత్రికి పోవడానికి వేరే మార్గం లేని ఇల్లు ఏదైనా ఉంటే అక్కడ నివాసి మాటే చెల్లాలి. మిగిలిన చోట్ల ఇంటి ముందు వంద రెండు వందల మీటర్లు, నిటారు మలుపులు, వంతెనల దగ్గర గట్టి పూత వేసి మిగతాది కంకరగా ఉంచవచ్చు. దుమ్ము బాధకు అసలు కారణం వేగం. సైకిల్ లేపే దుమ్ము ఎంత? గంటకు డెబ్బై కిలోమీటర్ల వేగంతో పోయే కారు లేపేది ఎంత? దారి తారుగా మారితే ఆ కారు వేగం ఇంకా పెరుగుతుంది. పక్క ఊరికి అడ్డదారి దొరికిందని ఎన్నడూ రాని వాహనాలూ వస్తాయి. ఇంటి ముందు దుమ్ము పోయి మోత మొదలవుతుంది.

పైగా తారు వేస్తే ఒక్కసారితో పని అయిపోతుందన్నది అపోహ. క్రెతె సెనెసి బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది, వాలు మీద జారుతుంది. అలాంటి నేల మీద పలచని తారు పొర పగలకుండా ఉండదు. పగిలిన తారును బాగుచేయడానికి తారు మిక్సర్, రోలర్, గుత్తేదారు అన్నీ కావాలి. కంకర దారి గుంతలు పడితే ఊళ్ళోని ట్రాక్టరుకు వెనక బ్లేడు తగిలించి ఒక పూటలో సర్దవచ్చు. కాకపోతే ఆ పూట పని ఏటా జరగాలి, అసలు చిక్కు అక్కడే ఉంది. కంకర దారికి శత్రువు చక్రం కాదు, నీరు. దారి నడుమ కాస్త ఎత్తుగా, రెండు పక్కలకూ వాలుగా ఉంటే వాననీరు పక్క కాలువలోకి దిగుతుంది. కాలువ పూడిపోతే నీరు దారినే కాలువ చేసుకుంటుంది. ఒక్క పెద్ద వానకు మోకాటి లోతు చాళ్ళు పడతాయి. అడ్డంగా వేసిన తూములో ఆకూ అలమూ ఇరుక్కుంటే దారి సగం తెగి లోయలో పడుతుంది. 2010లో ‘జీరో దితాలియా’ సైకిల్ పోటీ ఏడో రోజున మోంతాల్చీనో వైపు సాగుతుండగా వాన కురిస్తే, ప్రపంచ విజేత ఇంద్రధనుస్సు జెర్సీ వేసుకున్న కాడెల్ ఎవాన్స్ మొహం కూడా ఆనవాలు పట్టలేనంత బురదలో గెలిచాడు. ప్రపంచం ఆ బొమ్మను వీరగాథగా దాచుకుంది. ఆ బురదనే మర్నాడు చదును చేయాల్సింది ఎవరన్న ప్రశ్న మాత్రం టీవీ తెర మీదికి రాలేదు. నా ఫిర్యాదు పోటీల మీద కాదు. వాటివల్ల వచ్చిన పేరు, డబ్బు ఎక్కడికి పోతున్నాయన్నది నా ప్రశ్న. హోటలుకు, భోజనశాలకు, సైకిల్ అద్దె దుకాణానికి వాటా ఉంది. ఇవన్నీ ఏ దారి మీద ఆధారపడి బతుకుతున్నాయో ఆ దారికి నికరమైన వాటా అంటూ లేదు.

రెండో అభ్యంతరం డబ్బున్నవాళ్ళ సరదా గురించి. ఖరీదైన సైకిళ్ళ మీద విదేశీయులు వచ్చి పల్లెను బొమ్మల కొలువు చేస్తున్నారని, రాతి ఇళ్ళ ధరలు పెరిగి స్థానిక యువతకు అందకుండా పోతున్నాయని అక్కడివారే అంటున్నారు. ఇందులో నిజం ఉంది. కియాంతి ఇళ్ళ ధరలు పెరగడానికి సైకిల్ ఒక్కటే కారణం కాదు, వైన్ పేరు, విదేశీ కొనుగోలుదార్లు అంతకు చాలా ముందు నుంచే ఉన్నారు. అయినా సైకిల్ పర్యాటకం ఆ మంటను ఆర్పదు, ఎగదోస్తుంది. అందుకే డబ్బు ఎవరి చేతికి పోతుందన్నది ముఖ్యం. ఇటలీ 1985లో ‘అగ్రితురిజ్మో’ చట్టం తెచ్చింది. రైతు తన ఇంట్లో అతిథులను పెట్టుకోవచ్చు, భోజనం పెట్టవచ్చు, కాని సేద్యమే ప్రధాన వృత్తిగా ఉండాలి. ఆ షరతు బంగారం లాంటిది. సైక్లిస్టు రాత్రి బస చేసే ఇల్లు పంట పండించే రైతుదైతే మర్నాడు దారి బాగుండాలని కోరుకునే మనిషి కూడా ఆ రైతే. వారాంతానికి వచ్చిపోయే విడిది యజమాని గేటు పెట్టాలనుకుంటాడు, ట్రాక్టరున్న రైతు కాలువ తీస్తాడు. గ్రావెల్ సైకిల్ అన్నది కంపెనీలు అమ్మకాల కోసం పుట్టించిన మోజు అన్న మాట కూడా తరచు వినిపిస్తుంది. కంపెనీలు లాభపడ్డ మాట వాస్తవం. కాని నలభై ఏళ్ళ నాటి ఉక్కు సైకిళ్ళు తప్ప మరేవీ రానివ్వని యాత్రే ఈ దారులకు ప్రాణం పోసిందన్నది అంతకంటే పెద్ద వాస్తవం. దారికి కావలసింది వెడల్పాటి టైరు, ఓపిక. బ్రాండు కాదు.

మరి డబ్బు దారికి చేరేదెలా? కొత్త పన్ను అక్కర్లేదు, ఉన్నదాన్ని సరిగా వాడితే చాలు. 2011లో ఇటలీ పురపాలక సంఘాలకు బస పన్ను వేసే అధికారం తిరిగి ఇచ్చారు. రాత్రికి మనిషికి 5 యూరోల దాకా వసూలు చేయవచ్చని, ఆ డబ్బును పర్యాటకానికీ, సాంస్కృతిక, పర్యావరణ ఆస్తుల నిర్వహణకూ, స్థానిక సేవలకూ ఖర్చు పెట్టాలని చట్టం చెప్పింది. తెల్లదారి ఈ మూడింటిలో దేని కిందికి రాదు? అన్నింటి కిందికీ వస్తుంది. గుట్టల మధ్యనున్న ప్రతి చిన్న పురపాలక సంఘమూ బస పన్నులో నిర్ణీత భాగాన్ని వీచినాలి దారుల సంఘాలకు ఏటా ఇవ్వాలని నియమం పెట్టుకుంటే 1918 శాసనంలోని ఆ అయిదో వంతు కాగితం మీద నుంచి నేల మీదికి దిగుతుంది. వేలమందితో పెద్ద యాత్ర నడిపేవాళ్ళు కూడా నమోదు రుసుములో ఒక పాలు ముందుగానే తీసి దారుల ఖాతాలో వేయాలి, ఏ దారి మీద ఎంత ఖర్చయిందో ఊరి నోటీసు బోర్డులో పెట్టాలి. ఇది గాలిలో మేడ కాదు. పియెమోంతె, లిగూరియా కొండల్లో లిమోనె నుంచి మోనెసి దాకా, పద్దెనిమిది వందల మీటర్ల ఎత్తుకు పైన సాగే పాత సైనిక కంకర దారి ఒకటుంది, దాన్ని ఉప్పుదారి అంటారు. అక్కడ మోటారు వాహనాలకు రుసుము ఉంది, రోజుకు ఇన్ని వాహనాలేనని పరిమితి ఉంది, వారంలో రెండు రోజులు మోటారుకు తలుపులు మూసేస్తారు. అదే పియెమోంతెలో అస్సియెత్తా కనుమ మీది కంకర దారిలో జులై, ఆగస్టు నెలల్లో బుధ, శనివారాలు మోటారు వాహనాలకు ప్రవేశం లేదు. ఎవరినీ పూర్తిగా వెళ్ళగొట్టకుండా రోజులు పంచారు. వేసవి వారాంతాల్లో సియెనా గుట్టలకు కూడా ఇలాంటి పంపకం సరిపోతుంది. రైతు ట్రాక్టరుకు, నివాసి కారుకు ఎన్నడూ అడ్డు ఉండకూడదన్నది మాత్రం మొదటి షరతు కావాలి.

సియెనా గురించి ఇంత రాశాను కాని, ప్రపంచపు సైక్లిస్టులంతా ఆ ఒక్క జిల్లాలోనే పోగవడం నాకు నచ్చని విషయం. అక్కడ ఇప్పటికే పేరుంది, వైన్ ఉంది, సూచికలున్నాయి. సైకిల్ అవసరం నిజంగా ఉన్నది దక్షిణాన. అబ్రుత్సో, మోలీసె కొండల నుంచి పూల్యా మైదానాలకు గొర్రెల మందలు ఏటా దిగి, ఎండాకాలానికి తిరిగి ఎక్కేవి. ఆ మందల బాటలను త్రత్తూరో అంటారు. పెద్దవి 111 మీటర్ల వెడల్పున, గడ్డి నదుల్లాగా పారేవి. లాక్విలా నుంచి ఫొజ్జా దాకా పోయే బాట 240 కిలోమీటర్లకు పైనే. ఆరగోన్ రాజు అల్ఫొన్సో 1447లో ఈ మందల మీద పన్ను వసూలుకు ప్రత్యేక కార్యాలయమే పెట్టాడు. 1806 దాకా అది నడిచింది. 1976లో మోలీసెలోని బాటలకు చారిత్రక సంపదగా ప్రభుత్వ రక్షణ వచ్చింది. 2019లో యునెస్కో మందల వలసను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఇన్ని గౌరవాలు దక్కినా చాలా చోట్ల బాట పొలాల్లో కలిసిపోయింది, పొదల్లో దాగింది. మందలు రావడం తగ్గింది, బదులుగా తిరిగేవాళ్ళు రాలేదు. రక్షణ చట్టం ఉన్నంత మాత్రాన దారి బతకదనడానికి త్రత్తూరోను మించిన ఉదాహరణ నాకు తెలియదు. సియెనాలో చట్టం కంటే వాడకం ముందు వచ్చింది, మోలీసెలో చట్టం వచ్చి వాడకం రాలేదు. రెండింటి నేటి స్థితిని పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ముఖ్యమో తేలిపోతుంది.

పూల్యాలో ఇంకో అవకాశం కళ్ళెదుటే ఉంది. నీటికి అలమటించిన ఆ ప్రాంతానికి అపెన్నీన్ కొండల అవతల ఉన్న సేలె నది నీటిని తెచ్చేందుకు 1906లో పనులు మొదలయ్యాయి. 1915లో బారి నగరంలో ఆ నీరు ఫౌంటెన్‌లో ఎగసింది. కపోసేలె ఊటల నుంచి ఇటలీ మడమ కొసన ఉన్న సాంత మరీయ ది లేవుక దాకా సాగిన ఆ కాలువ వెంట, సిబ్బంది పర్యవేక్షణ కోసం వేసిన కంకర బాట ఉంది. నీరు తనంతట తాను పారాలి కాబట్టి చాలా దూరం వాలు అతి స్వల్పం. పిల్లలూ పెద్దవయసువాళ్ళూ కూడా తొక్కగలరు. ఈత్రియా లోయలో సున్నం వేసిన గోడలు, శంకు ఆకారపు రాతి కప్పులు ఉన్న ఇళ్ళ మధ్యగా కొంతమేర ఇప్పటికే సైకిళ్ళకు తెరిచారు. దాదాపు 500 కిలోమీటర్ల పూర్తి మార్గాన్ని కలపాలన్నది ప్రణాళిక. ఇక్కడ నేల ప్రభుత్వానిది, యజమానుల గొడవ తక్కువ. బాటను నిర్వహించే సంస్థ ముందే ఉంది. ప్రభుత్వం నిజంగా శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇది. కొత్తగా వెడల్పాటి తారు సైకిల్ బాటలు వేయడానికి పెట్టే ఖర్చులో చిన్న భాగంతో ఇలాంటి పాత బాటలకు సూచికలు, తాగునీటి కుళాయిలు, తెగినచోట అతుకులు పెట్టవచ్చు.

చివరి అభ్యంతరం ఇది: సైకిల్ యాత్రికులు వచ్చినంత మాత్రాన ఖాళీ అవుతున్న పల్లెకు మనుషులు తిరిగి వస్తారా? రారు. అలా వస్తారని చెప్పడం మోసమవుతుంది. ఆర్థికవేత్త ఫాబ్రిత్సియో బార్క మంత్రిగా ఉన్నప్పుడు రూపుదిద్దుకున్న ‘లోపలి ప్రాంతాల’ జాతీయ వ్యూహం పల్లె వెనకబాటును కొలిచింది దూరంతో, అదీ మూడింటి నుంచి: హైస్కూలు, ఆసుపత్రి, రైల్వేస్టేషను. ఆ కొలతే సరైనది. బడి మూతబడిన ఊళ్ళో యువజంట ఉండదు, ఎన్ని సైకిళ్ళు వచ్చినా ఉండదు. అందుకే సైకిల్ బాటకు నిధులిచ్చి పల్లె బాగుకు అది చాలనుకునే పాలకులను నిలదీయాలి. సైకిల్ చేయగలిగింది పరిమితం, కాని అది చిన్నది కాదు. పది ఇళ్ళ ఊళ్ళో మూతబడబోయే కాఫీ దుకాణం ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా నడవగలదు. ఉన్న ఒకే ఒక రైతు కుటుంబానికి రెండు గదుల అద్దె వస్తుంది. ఎవరూ పోరని పద్దుల్లోంచి తీసేయబోయిన దారి పద్దుల్లోనే ఉంటుంది. బడి, డాక్టరు కోసం పోరాడే ఊరికి ఇవి ఆసరా.

బయటి నుంచి వచ్చి దారిన పోయేవాళ్ళకూ ఊరివాళ్ళకూ పొసగదన్న భయం ఎంత పాతదో తెలుసుకోవాలంటే మోలీసెలో సేపీనో దగ్గరున్న రోమన్ పట్టణ శిథిలాలకు వెళ్ళాలి. పెస్కస్సెరోలి నుంచి కాందేలా దాకా పోయే మందల బాట ఆ పట్టణం నడిమధ్య నుంచే సాగుతుంది. బొయానో వైపు ద్వారం రాతి మీద, చక్రవర్తి మార్కస్ అరీలియస్ కాలంలో చెక్కిన శాసనం ఉంది. మందలతో పోయే కాపరులను వేధించవద్దని స్థానిక అధికారులకు చేసిన హెచ్చరిక అది. కాపరులను దొంగలని, పారిపోయిన బానిసలని పట్టుకునేవారట. పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటే ఒక ప్రభుత్వం దారిలో పోయేవాడి హక్కును ఊరి ద్వారం మీద రాయించవలసి వచ్చింది. తర్వాత ఆరగోన్ రాజుల కాలంలో ఈ బాటల మీది కాపరులు హక్కుతో పాటు మందకు ఇంత అని సుంకం కూడా కట్టేవారు. నేటి సైక్లిస్టుకు హక్కు దక్కింది, సుంకం ఇంకా నిర్ణయం కాలేదు. ఆ నిర్ణయం చేయవలసింది రోమ్‌లోని మంత్రిత్వ శాఖ కాదు. గయోలె, అషానో, సేపీనో వంటి చిన్న ఊళ్ళ పురపాలక సభలే చేయాలి. బస పన్ను లెక్కలు ఏటా ఆ సభల ముందుకే వస్తాయి, వాటిలో దారులకు ప్రత్యేకంగా ఒక పద్దు తెరవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.